పాత విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసుకోవడం: బ్యాకప్ నుంచి తెలుగు టైపింగ్ దాకా

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే పథకంలో చేరినవాళ్లకి మరో ఏడాది దొరికింది, అంతే. విండోస్ 11కి వెళ్దామంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి, అందుకని 2015, 2016లో కొన్న ఐ3, ఐ5 ల్యాప్‌టాప్‌లు స్క్రీనూ కీబోర్డూ అన్నీ బాగున్నా బయటే ఉండిపోయాయి. మన ఇళ్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి, పిల్లల ఇంజినీరింగ్ కోసం కొన్నవి, ఆఫీసు పనికి వాడి పక్కన పెట్టేసినవి. దయచేసి వాటిని ఎక్స్ఛేంజ్‌లో వచ్చినంతకి ఇచ్చేయకండి. విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఇంకొన్నేళ్లు నిక్షేపంగా పనిచేస్తాయి.

ముందే ఒక మాట. లినక్స్ ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. అందరికీ టెన్షన్ దాని గురించే, కానీ నిజంగా జాగ్రత్త పడాల్సింది అంతకు ముందు. బ్యాకప్, ఫైల్ సరిచూసుకోవడం, పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడటం, ఇవి సరిగ్గా చేసుకుంటే ఇన్‌స్టాలేషన్‌లో భయపడటానికి ఏమీ మిగలదు. 'ఇన్‌స్టాల్ నౌ' అనే బటన్ నొక్కేదాకా మీరు చేసే ప్రతి పనినీ వెనక్కి తీసుకోవచ్చు. అది నొక్కాకే డిస్క్ మీద రాయడం మొదలవుతుంది. ఈ తేడా మనసులో పెట్టుకుని తీరిగ్గా, ఒక ఆదివారం పూట కూర్చోండి.

మింటే ఎందుకంటే

లినక్స్‌లో రకాలు వందల్లో ఉన్నాయి. ఏది మంచిదని వారం రోజులు వీడియోలు చూసి చివరికి ఏదీ వేసుకోనివాళ్లు చాలామంది ఉంటారు. విండోస్ నుంచి వచ్చేవాళ్లకి నేను మింటే చెప్తాను. 2006 నుంచి ఉంది, ఉబుంటు అనే ఇంకో లినక్స్ పునాది మీద కట్టింది, కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ, అంతా అలవాటైన పద్ధతిలోనే ఉంటుంది. మింట్ 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. అందులో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు ఎడిషన్లు. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ తీసుకోండి, 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ. మింట్ వాళ్లు చెప్పే కనీస అవసరం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్. అది పేరుకి మాత్రమే, హాయిగా వాడుకోవాలంటే 4 జీబీ ర్యామ్, 100 జీబీ డిస్క్ అని వాళ్లే అంటారు. ప్రాసెసర్ మాత్రం 64 బిట్‌ది అయ్యుండాలి.

ఇంకోటి కూడా నిజం చెప్పుకోవాలి. మీ ల్యాప్‌టాప్‌లో పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే లినక్స్ వేసినా అది ఎస్‌ఎస్‌డీ వేగానికి రాదు. విండోస్ కంటే నయంగా ఉంటుంది, అంతే. డబ్బు పెట్టగలిగితే మొదటి ఖర్చు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట అడిగితే అక్కడే మార్చి ఇస్తారు. మీ ల్యాప్‌టాప్‌కి 2.5 అంగుళాల సాటా పడుతుందా, ఎం.2 పడుతుందా అన్నది మోడల్ నంబర్ పట్టి ముందే కనుక్కోండి. ఈ దారిలో ఇంకో గొప్ప లాభం ఉంది: పాత డిస్క్ బయటికి వస్తుంది కదా, దాన్ని విండోస్‌తో, ఫైళ్లతో సహా అలాగే బీరువాలో పెట్టేయొచ్చు. కొత్త డిస్క్ మీద ఏం జరిగినా మీదేం పోదు. నన్నడిగితే అందరికంటే భయం ఎక్కువగా ఉన్నవాళ్లు ఎంచుకోవాల్సిన దారి ఇదే.

ఎవరు ఆగాలి

ప్రతివాళ్లకీ లినక్స్ సరిపోదు. డీటీపీ చేసేవాళ్లు, అంటే అను స్క్రిప్ట్‌తో పేజ్‌మేకర్‌లో పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసేవాళ్లు విండోస్ తీసేయకండి. ఆ పనంతా విండోస్ మీదే కట్టుకున్నది. ట్యాలీ వాడే అకౌంటెంట్లదీ అదే పరిస్థితి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ యూఎస్‌బీలో పెట్టి రిటర్న్‌లు ఫైల్ చేసేవాళ్లు మీ టోకెన్ కంపెనీకి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందు కనుక్కోండి. ఫొటోషాప్ రాదు. వాలరంట్ లాంటి ఆటలు రావు. విద్యార్థులైతే ఇంకోటి చూసుకోవాలి, కాలేజీలూ ప్లేస్‌మెంట్ కంపెనీలూ పరీక్షకి ముందు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ వేసుకోమంటాయి, వాటిలో చాలావరకు విండోస్‌కే ఉంటాయి. ఇలాంటివాళ్లు రెండూ పక్కపక్కన ఉంచుకోవచ్చు, అదెలాగో కింద చెప్తాను.

మిగతావాళ్లకి, అంటే బ్రౌజర్, నెట్‌బ్యాంకింగ్, వాట్సాప్ వెబ్, సినిమాలు, జూమ్, ఉత్తరాలు, లెక్కల షీట్లు, ప్రోగ్రామింగ్ వీటితో రోజు గడిచిపోయేవాళ్లకి లోటేమీ ఉండదు. ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ ముందే వేసి ఉంటుంది. వర్డ్ ఫైళ్లు తెరుస్తుంది, రాస్తుంది, కాకపోతే టేబుళ్లూ బొమ్మలూ దట్టంగా ఉన్న ఫైల్‌లో అమరిక అటూ ఇటూ జరగొచ్చు. రెజ్యూమే లాంటివి పంపేటప్పుడు పీడీఎఫ్‌గా పంపండి.

బ్యాకప్

దీన్ని దాటేసి కిందికి వెళ్లకండి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఫొటోలు, డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్ మీద పరిచి ఉంచినవి, అన్నీ కాపీ చేయండి. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు మీ అకౌంట్‌కి సింక్ అయ్యాయో లేదో చూడండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు ఆ బయటి డిస్క్ నుంచే తెరిచి చూడండి, వీలైతే వేరే కంప్యూటర్‌లో.

మన దగ్గర చాలామందికి ఒక నమ్మకం ఉంది, సీ డ్రైవ్ ఫార్మాట్ చేస్తే డీ డ్రైవ్‌లో ఉన్నవి భద్రంగా ఉంటాయని. విండోస్ మళ్లీ వేయించుకున్నప్పుడల్లా షాపువాళ్లు అలాగే చేశారు కాబట్టి అది అలవాటైపోయింది. లినక్స్ ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' అని ఎంచుకుంటే సీ, డీ, ఈ అన్న తేడా ఉండదు, ఆ డిస్క్ మీద ఉన్నదంతా పోతుంది. పెళ్లి ఫొటోలు డీ డ్రైవ్‌లో ఉన్నాయిలే అని ధీమాగా కూర్చోకండి.

విండోస్ లైసెన్స్ గురించి బెంగ వద్దు. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ నుంచి విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కీ మదర్‌బోర్డ్ మీది ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, రేపు మళ్లీ విండోస్ వేసుకుంటే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఓపిక ఉంటే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో ఒక విండోస్ పెన్‌డ్రైవ్ కూడా ఇప్పుడే చేసి పెట్టుకోండి.

డౌన్‌లోడ్, పెన్‌డ్రైవ్

మింట్ అధికారిక వెబ్‌సైట్ నుంచే ఐఎస్‌ఓ ఫైల్, అంటే సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైల్, దించుకోండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. అక్కడ దేశాల వారీగా సర్వర్ల జాబితా ఉంటుంది, దగ్గరలోది ఎంచుకుంటే తొందరగా దిగుతుంది, టొరెంట్ అయినా పరవాలేదు. దిగాక ఎస్‌హెచ్‌ఏ 256 చెక్‌సమ్ సరిచూడండి, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి అక్షరాల వరుస. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింక్‌ని దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓ వైపు మళ్లించారు. ఆ సంగతి మింట్ వాళ్లే బయటపెట్టి చెప్పారు. ఇలాంటిది పట్టుకోవడానికే కాదు, మధ్యలో నెట్ తెగి సగం పాడైన ఫైల్‌ని పట్టుకోవడానికి కూడా చెక్‌సమ్ పనికొస్తుంది. విండోస్‌లో 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఎస్‌హెచ్‌ఏ 256 నొక్కండి, వచ్చిన పొడవాటి అక్షరాల వరుస సైట్‌లో ఇచ్చిన దానితో చివరిదాకా కలవాలి.

8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది. ఐఎస్‌ఓని అందులోకి ఎక్కించడానికి బలేనా ఎచర్ గానీ రూఫస్ గానీ వాడొచ్చు. ఎచర్‌లో అడిగేవి మూడే, ఫైల్ ఏది, పెన్‌డ్రైవ్ ఏది, మొదలెట్టనా. రూఫస్‌లో అయితే పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ, టార్గెట్ సిస్టమ్ దగ్గర యూఈఎఫ్‌ఐ ఉన్నాయో లేదో చూసుకోండి. మరీ పాత మెషీన్ అయితే ముందు విండోస్‌లో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' తెరిచి బయోస్ మోడ్ అన్న వరుస చదవండి. అక్కడ లెగసీ అని ఉంటే రూఫస్‌లో ఎంబీఆర్ ఎంచుకోండి. ఐఎస్‌ఓని మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే మాత్రం పెన్‌డ్రైవ్ బూట్ అవదు.

విండోస్‌లో ముందే సర్దాల్సినవి

విండోస్‌ని పక్కన ఉంచుకునేవాళ్లకే ఈ భాగం. అంతా తీసేసేవాళ్లు దీన్ని వదిలేసి కిందికి వెళ్లొచ్చు.

మొదట బిట్‌లాకర్, అంటే డిస్క్‌లో ఉన్నది వేరేవాళ్లు చదవకుండా తాళం వేసే ఎన్‌క్రిప్షన్. హోమ్ ఎడిషన్‌లో దీన్నే డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, మనం పెట్టకపోయినా కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానంతటదే ఆన్ అయి ఉంటుంది. రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, 48 అంకెలు, దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆపేసి, పూర్తిగా విడిపోయేదాకా ఆగండి, గంటో రెండు గంటలో పట్టొచ్చు.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయడం కుదరదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ, అక్కడ దాని టిక్ తీసేయండి.

మూడోది చోటు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'ష్రింక్ వాల్యూమ్' నొక్కండి, 60 జీబీ నుంచి 100 జీబీ దాకా తగ్గించి, వచ్చిన ఖాళీని ఖాళీగానే వదిలేయండి, కొత్త డ్రైవ్ చేయకండి. ఎంత ఖాళీ ఉన్నా విండోస్ కొంచెమే తగ్గిస్తానంటే మధ్యలో కదలని ఫైళ్లు ఉన్నాయని అర్థం. హైబర్నేషన్, సిస్టమ్ రిస్టోర్, పేజింగ్ ఫైల్ తాత్కాలికంగా ఆపేసి రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి.

పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడటం

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ తట్టాలి. డెల్‌లో ఎఫ్12, లెనోవోలో ఎఫ్12 లేదా పక్కన పిన్నుతో నొక్కే చిన్న నోవో బటన్, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9, అసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయకపోతే ఎఫ్2తో బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ముందు ఎఫ్12 బూట్ మెనూని ఎనేబుల్ చేయాలి. కీ దొరక్కపోతే విండోస్‌లోనే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి 'యూజ్ ఎ డివైస్' ఎంచుకోవచ్చు. సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్నా మింట్ మామూలుగా బూట్ అవుతుంది, ఎర్రర్ వస్తేనే బయోస్‌లో ఆపి చూడండి.

ఇప్పుడు స్క్రీన్ మీద కనిపించే మింట్ మీ డిస్క్‌ని ముట్టుకోదు, పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌లో నడుస్తుంది, అందుకే కొంచెం నెమ్మదిగా ఉంటుంది. కనీసం ఒక గంట వాడండి. వైఫై దొరికిందా, యూట్యూబ్‌లో పాట పెడితే స్పీకర్లలో వినిపించిందా, మైక్, కెమెరా, బ్లూటూత్, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో జరపడం, వెలుతురు పెంచే తగ్గించే కీలు, ఇంట్లో ఉన్న ప్రింటర్, అన్నీ చూడండి. మూత మూసి రెండు నిమిషాలాగి తెరవండి, నిద్ర లేస్తుందా లేదా అన్నది ముఖ్యం, కొన్ని మోడళ్లలో ఇబ్బంది వచ్చేది అక్కడే.

వైఫై కనిపించకపోతే కంగారు పడకండి. బ్రాడ్‌కామ్ చిప్‌లు ఉన్న కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వెంటనే నెట్ వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక అదే నెట్‌తో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావాల్సిన డ్రైవర్ చూపిస్తుంది.

ఇన్‌స్టాల్

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తీసేయండి, ఛార్జర్ పెట్టండి. డెస్క్‌టాప్ మీద 'ఇన్‌స్టాల్ లినక్స్ మింట్' మీద డబుల్ క్లిక్. భాషల్లో తెలుగు కూడా ఉంటుంది, కానీ మొదటిసారి ఇంగ్లీషే పెట్టుకోండి, ఎందుకంటే ఏదైనా ఎర్రర్ వస్తే దాన్ని అలాగే వెతికితే జవాబులు ఎక్కువ దొరుకుతాయి. పాటలు, వీడియోలు ఆడటానికి కావాల్సిన మల్టీమీడియా కోడెక్స్ దగ్గర టిక్ పెట్టండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇక్కడే ఒక పాస్‌వర్డ్ అడగొచ్చు, పెట్టి రాసుకోండి. రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తే 'ఎన్‌రోల్ ఎంఓకే' అని ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి.

తర్వాత వచ్చే స్క్రీన్ దగ్గర ఆగి నెమ్మదిగా చదవండి. విండోస్ పక్కన ఉంచుకునేవాళ్లు 'అలాంగ్‌సైడ్' అన్న ఆప్షన్, మొత్తం తీసేసేవాళ్లు 'ఎరేజ్ డిస్క్'. ల్యాప్‌టాప్‌లో రెండు డిస్క్‌లు ఉంటే ఏ డిస్క్ ఎంచుకున్నారో జీబీ లెక్క చూసి నిర్ధారించుకోండి, 256 అని ఉంటే ఎస్‌ఎస్‌డీ, 1000 అని ఉంటే పెద్ద హార్డ్‌డిస్క్. అలాంగ్‌సైడ్ కనిపించకపోతే 'సమ్‌థింగ్ ఎల్స్'లోకి వెళ్లి మీరు వదిలిన ఖాళీ చోటు మీద ఎక్స్‌టీ4 రకం పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) చేసి మౌంట్ పాయింట్ దగ్గర స్లాష్ గుర్తు పెట్టండి. ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని ఫార్మాట్ చేయకండి, విండోస్ బూట్ అయ్యేది దాని నుంచే.

డిస్కే కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ 'ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ' పద్ధతిలో ఉండి ఉంటుంది, దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ ఉంచుకుంటున్నప్పుడు నేరుగా మారిస్తే విండోస్ బూట్ అవకుండా ఆగిపోతుంది. ముందు విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి, బయోస్‌లో మార్చండి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకున్నాక ఆ టిక్ తీసేయండి.

'ఇన్‌స్టాల్ నౌ' నొక్కాక ఏయే మార్పులు చేయబోతుందో ఒక చిన్న పెట్టెలో చూపిస్తుంది. అది చదివి ఒప్పుకోండి. టైమ్‌జోన్ కోల్‌కతా, యూజర్‌నేమ్ చిన్న ఇంగ్లీష్ అక్షరాల్లో. అయిపోయాక పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ కొట్టమంటుంది.

మొదటి రోజు పనులు

టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్, అంటే సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి ఒక కాపీ, తీసుకోండి. రేపు ఏ అప్‌డేట్ వల్లో సిస్టమ్ దెబ్బతింటే ఈ రోజు స్థితికి వెనక్కి రావచ్చు. ఇది సిస్టమ్‌ని కాపాడేది, మీ ఫొటోలకి వేరే బ్యాకప్ ఉండాల్సిందే. తర్వాత అప్‌డేట్ మేనేజర్ నడపండి, డ్రైవర్ మేనేజర్ చూడండి, ఎన్విడియా కార్డ్ ఉంటే అందులో 'రికమెండెడ్' అని ఉన్న డ్రైవర్ వేసుకోండి. ఆపైన కావాల్సినవన్నీ సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే తీసుకోండి. వెబ్‌సైట్లలో సెటప్ ఫైళ్లు వెతికి దించుకునే అలవాటు ఇక్కడ మానుకోవడమే మంచిది.

రెండు సిస్టమ్‌లు ఉన్నవాళ్లకి అప్పుడప్పుడు విండోస్ గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్లినట్టు కనిపించొచ్చు. లినక్స్ మదర్‌బోర్డ్ గడియారాన్ని గ్రీనిచ్ లెక్కలో ఉంచుతుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుంటుంది, తేడా అంతే. విండోస్ టైమ్ సెట్టింగ్స్‌లో 'సింక్ నౌ' నొక్కితే సరిపోతుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత మింట్ మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకున్నా మింట్ పోయిందనుకోకండి. బయోస్‌లో బూట్ ఆర్డర్ చూడండి, మింట్ అక్కడ 'ఉబుంటు' అన్న పేరుతో ఉంటుంది, దాన్ని పైకి జరపండి.

తెలుగు

మింట్‌లో తెలుగు చదవడానికి ఏమీ చేయనక్కర్లేదు, అక్షరాలు సరిగ్గానే కనిపిస్తాయి. ఇంకొన్ని ఫాంట్లు కావాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు అని ఇంగ్లీష్‌లో కొట్టి వెతకండి, పోతన, వేమన ఫాంట్లు అక్కడే దొరుకుతాయి. రాయడానికి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్ ట్యాబ్‌కి వెళ్లండి, ఎక్స్‌ఎఫ్‌సీఈలో అయితే ముందు 'సిస్టమ్ డిఫాల్ట్స్' టిక్ తీయాలి. కొత్త లేఅవుట్ చేర్చే జాబితాలో మామూలు తెలుగుతో పాటు కగప ఫొనెటిక్, సరళ అనేవి కూడా ఉంటాయి. మామూలు తెలుగు అంటే ఇన్‌స్క్రిప్ట్ అమరిక, నేర్చుకోవడానికి రెండు వారాలు ఓపిక పట్టాలి గానీ చేతికి వచ్చాక దాన్ని మించిన వేగం ఉండదు.

ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే అలవాటున్నవాళ్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎం17ఎన్ వేసుకుని, మెనూలో 'ఇన్‌పుట్ మెథడ్' తెరిచి ఐబస్‌ని ఎంచుకుని, లాగౌట్ అయి మళ్లీ రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ రెండూ కనిపిస్తాయి. అమెరికాలో రైస్ యూనివర్సిటీ పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతి పాత ఇంటర్నెట్ రోజుల నుంచీ తెలుగువాళ్లు వాడుతున్నదే, లేఖిని అనే తెలుగు టైపింగ్ వెబ్‌సైట్ అలవాటు ఉన్నవాళ్లకి చెయ్యి వెంటనే కుదురుతుంది. ఇంగ్లీష్‌కీ తెలుగుకీ మారడానికి విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే చాలు, అది కుదరకపోతే అదే ప్రిఫరెన్సెస్‌లో మీకు వీలైన కీ పెట్టుకోండి.